మా అత్త చెవి, మా ఆయన గంట

దెయ్యాల మాట ఎత్తితే కొందరికి భయం, కొందరికి నవ్వు. నాకు విసుగు. మా నాయన బడిపంతులు, మా అమ్మ చర్చిలో ఆడవాళ్ళ కూటం నడిపేది. నంద్యాలలో మా ఇంట్లో ఎవరైనా దెయ్యం అన్నారంటే ఆ రోజు అన్నం ముందు ప్రార్థన ఇంకాస్త పొడుగయ్యేది. ఆకలి మీద ఉన్న పిల్లలం, అందుకని ఆ మాట ఎత్తేవాళ్ళమే కాదు. పెద్దయ్యాక నేనూ పంతులమ్మనయ్యాను. చింతచెట్టు మీద ఏదో ఉందని పిల్లలు భయపడితే వాళ్ళను ఆ చెట్టు కిందికే తీసుకుపోయి ఎక్కాలు చెప్పించేదాన్ని. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

పైగా నేను చెప్పబోయేది చచ్చినవాళ్ళ సంగతి కాదు. ఇందులో ఉన్నవాళ్ళంతా అప్పటికి నిక్షేపంగా బతికి ఉన్నవాళ్ళే. నాకు కొరుకుడు పడనిది కూడా అదే.

డెబ్భైల చివర్లో పెళ్ళయి ఆళ్లగడ్డకు కాపురానికి వచ్చాను. మా ఆయన ప్రభుదాసు రేడియోలు బాగుచేసేవాడు. వేరే అంగడి లేదు, ఇంటి ముందుగదే అంగడి. ఆ గది దాటితే నడిమి గది, అందులో మా అత్త మంచం. దాని వెనక వంటిల్లు. వీధి వాకిలి నుంచి వంటింటి దాకా మొత్తం బేతంచెర్ల బండలు పరిచి ఉండేవి. నాకు ఆ ఊళ్ళోనే ప్రైమరీ స్కూల్లో ఉద్యోగం దొరికింది.

మా అత్తకు నీటికాసులు వచ్చి, నేను రాకముందే రెండు కళ్ళూ పోయాయి. కళ్ళు పోయినా ఇంటి కాపలా మాత్రం ఆమెదే. మంచం మీద కూర్చునే, గడప దాటిన ప్రతి మనిషినీ అడుగు చప్పుడుతో పట్టేసేది. చెప్పులు అందరూ బయటే విడిచి వస్తారు కాబట్టి అది ఒట్టి కాళ్ళ చప్పుడే. పాలామె లోపల కాలు పెడితే "ఏం మ్మే, ఈ పొద్దు ఇంత పొద్దెక్కించినావు" అనేది. చర్చి అయ్యగారు వస్తే ఆయన నోరు తెరవకముందే కొంగు సర్దుకుని లేచి నిలబడేది. ఎదురింటివాళ్ళ మేకలు దూరితే నల్లదో తెల్లదో కూడా చెప్పేదని మా ఆయన ఊరంతా గొప్పలు పోయేవాడు.

నన్ను మాత్రం గుర్తుపట్టేది కాదు.

రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చి గడప దాటగానే "ఎవురది?" అనేది. "నేను అత్తా" అనేదాన్ని. "నేనంటే?" "నిర్మలను" అని చెప్పాలి. "ఊఁ" అని అటు తిరిగేది. ఆమెకు నీళ్ళు పోసేదాన్ని నేను, తల దువ్వేదాన్ని నేను, చేపముళ్ళు తీసి అన్నంలో కలిపి పెట్టేదాన్ని నేను. ఎదురింటి మేకకు ఉన్న గుర్తింపు నాకు లేకపోయింది. మొదట్లో కొత్త కదా అనుకున్నాను. ఏడాది దాటాక కూడా అదే "ఎవురది?" అయితే మనిషికి ఎట్లా ఉంటుందో మీరే చెప్పండి.

మా ఆయనతో అంటే తేలిగ్గా తీసిపారేశాడు. "నువ్వు ఇంట్లో మనిషివి గదా. నీ అడుగు ఇంటి చప్పుళ్ళలో కలిసిపోయింటాది" అన్నాడు.

"మరి మీరు ఏ ఊరి మనిషి? మీ అడుగెందుకు కలవలేదు?" అన్నాను. ఆయన మళ్ళీ రేడియో మీదికి వంగాడు.

అసలు కడుపుమంట అది కూడా కాదు. సుగుణక్క.

సుగుణక్క మా బావ భార్య, నా తోడికోడలు. మా బావకు నంద్యాలలో పత్తిమిల్లులో పని. నేను నంద్యాల వదిలి ఆళ్లగడ్డకు వస్తే, ఆమె నాకంటే ముందే ఆళ్లగడ్డ వదిలి నంద్యాలకు పోయింది. నెలకోసారో రెండు నెలలకోసారో, తీరిక దొరికినప్పుడు బస్సెక్కి వచ్చేది. ఉత్తరం రాయడం లేదు, కబురు పెట్టడం లేదు, ఫోన్ మాట సరేసరి. ఆమె గడప దాటిందో లేదో, మా అత్త మంచం మీద నుంచి "సుగుణా, వచ్చినావా? దా అమ్మా, దా" అనేది. ఆ "దా" అనేటప్పుడు ఆ ముసలామె గొంతు పాతికేళ్ళ బాలింత గొంతైపోయేది. సుగుణక్క పోయి ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూర్చునేది. నేను వంటింటి గడప దగ్గర గరిటె పట్టుకుని నిలబడేదాన్ని. కుళ్ళు కాకపోతే ఇంకేం పుడుతుంది?

సుగుణక్క చెడ్డదైనా బాగుండేది. తిట్టుకోవడానికి వీలుండేది. ఆమె వచ్చిన గంటలోనే నా చేతిలో చీపురు లాక్కుని ఊడ్చేసేది. నాకు జామకాయలు ఇష్టమని గుర్తుపెట్టుకుని సంచీలో వేసుకొచ్చేది. అట్లాంటి మనిషి మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో అనుభవిస్తేగానీ తెలియదు.

అట్లా ఉండగా మా ఇంట్లో దొంగతనం జరిగింది. దొర్నిపాడు రైతు ఒకాయన బాగుకిచ్చిన ట్రాన్సిస్టర్ పట్టపగలు ముందుగదిలోంచి పోయింది. ఆ రోజు మా అత్త జ్వరంతో మగతగా పడుకుని ఉంది. మా ఆయన దొడ్లోకి పోయి వచ్చేసరికి బల్ల ఖాళీ. ఆయనకు రైతు ముందు తల కొట్టేసినట్టయింది. మా అత్త ఆయన కంటే ఎక్కువ బాధపడింది. "నా చెవులకు ఏం పుట్టిందిరా" అని వారం రోజులు అదే మాట.

అందుకని మా ఆయన గంట కట్టాడు. రెండు ఇత్తడి రేకులు, వాటి నడుమ సైకిల్ ట్యూబు ముక్కలు, పైన పలచని చెక్క, ఆ చెక్క మీద గోనెపట్ట. కాలు పడితే రేకులు ఒకదానికొకటి తగిలి గోడమీది గంట మోగుతుంది, కాలు తీస్తే ఆగుతుంది. టార్చిలైటు సెల్లులతో పని. మొదట దాన్ని తెచ్చి గడప మీద బిగించాడు. ఆ రోజంతా ఎంతమంది వచ్చి పోయినా గంట కిక్కురుమనలేదు. సెల్లులు మార్చాడు, తీగలు గీకాడు, రేకులు రుద్దాడు. చివరికి మా అత్త మంచం మీద నుంచి "గడప ఎవురు తొక్కుతార్రా, పిచ్చోడా" అంది.

మేము గడపకు పసుపు రాయం, కుంకుమ పెట్టం, ప్రొటెస్టెంట్లం. అయినా గడప తొక్కం. ఎవరూ తొక్కొద్దని చెప్పరు, ఎవరూ తొక్కరు, అంతే. ఆ గడప దాటుతూనే పెరిగిన మనిషికి ఆ సంగతి తట్టలేదంటే చూడండి. తర్వాత దాన్ని లోపలి వైపు, గడప దాటిన కాలు పడేచోట నేలకు బిగించాడు. అప్పుడు మోగింది.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. కోడి నడిస్తే ఆ గంట మోగదు. పిల్లి నడిచినా మోగదు. బడి ఈడు పిల్లవాడు కాలు పెడితే మోగుతుంది. వాన రోజుల్లో గోనెపట్ట తడిస్తే మోగడం మొదలుపెట్టి ఆగదు, మేమే తీగ పీకాలి. మనిషి అడుగు పడితే మాత్రం ఒక్కసారి ట్రింగుమని ఆగిపోతుంది. ఇవన్నీ మా ఆయన నా ముందే చేసి చూపించాడు.

గంట వచ్చాక నాకు కొంచెం సంబరమైంది. గంటకు అందరూ ఒకటే కదా, సుగుణక్క అడుగైనా నా అడుగైనా అదే మోత. కానీ అది నా పరువు ఇంకా తీసింది. గంట మోగగానే ఇంట్లో ఉన్నవాళ్ళంతా మా అత్త ఏ పేరు చెబుతుందా అని చెవులు రిక్కించేవాళ్ళు. ముందు గంట, తర్వాత పేరు. అదొక ఆట అయిపోయింది. రేడియోలు తెచ్చినవాళ్ళు తమ పేరు చెప్పించుకుని మురిసిపోయేవాళ్ళు. నేను వచ్చినప్పుడు మాత్రం గంట, తర్వాత "ఎవురది?" వాళ్ళ ముందే.

ఒక శనివారం ఒంటిపూట బడి. నేను వంటింట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. మా ఆయన బజారుకు పోయాడు. గంట మోగింది. వెంటనే "సుగుణా, వచ్చినావా? దా అమ్మా" అని మా అత్త గొంతు. నేను ముఖం ఒకసారి ముడుచుకుని, మళ్ళీ సరిచేసుకుని ముందుకు వచ్చాను.

ఎవరూ లేరు. తలుపు తీసి ఉంది, గోనెపట్ట మీద ఎండ పడుతోంది. వీధిలోకి పోయి రెండువైపులా చూశాను. మనిషి పొడ లేదు.

"అత్తా, ఎవరూ రాలేదు" అన్నాను.

"ఏందీ రాకపోయేది. ఈడే కూచోనుంది గదా" అని తన కాళ్ళ దగ్గర నేల చూపించింది.

నిద్రలో కలవరించిందేమో, గంటకు ఏదో తగిలిందేమో అనుకుని మళ్ళీ బియ్యం ముందు కూర్చున్నాను. ఆ బియ్యం ఏరి, కడిగి, ఎసట్లో పోసేసరికి గంట మళ్ళీ మోగింది. చెమటలు కక్కుతూ సుగుణక్క. శిరివెళ్ళ దగ్గర బస్సు టైరు పంచరయిందట. "లేకుంటే ఇంతకు ముందే వచ్చిండేదాన్ని" అంది. ఈసారి మా అత్త పిలవలేదు. ఇందాకే వచ్చిన మనిషిని మళ్ళీ పిలవడం ఎందుకన్నట్టు ఊరికే కూర్చుంది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. "లూజ్ కాంటాక్ట్" అన్నాడు. ఆయనకు లోకంలో అన్నిటికీ అదే కారణం. నాకు తలనొప్పి వచ్చినా లూజ్ కాంటాక్టే.

తర్వాత అది మామూలైంది. సుగుణక్క వచ్చే రోజు ముందు గంట మోగేది, మా అత్త పిలిచేది, మనిషి ఉండేది కాదు. తర్వాత కాసేపటికి సుగుణక్క నిజంగా దిగేది. అన్నిసార్లూ కాదు, కానీ చాలాసార్లు. పంచరు లేని రోజు కూడా. మా అత్త నంద్యాల బస్సు మోత పసిగడుతోందేమో అనుకున్నాను. కానీ నంద్యాల బస్సులు పొద్దస్తమానం వస్తూనే ఉంటాయి, సుగుణక్క ఏ బస్సులో ఉందో ఆమెకు ఎట్లా తెలుస్తుంది? పోనీ ఆమెకు తెలిసిందే అనుకుందాం. గంటకు ఎట్లా తెలుస్తుంది?

ఒకసారి మా ఆయన బల్ల ముందు ఉండగానే మోగింది. ఆయన తలెత్తి చూశాడు. ఆ రోజు సోల్డరింగ్ కడ్డీ చేతిలో పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "గోనెపట్ట అణిగింది, నేను చూసినా" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండడం నేను ఎప్పుడూ వినలేదు. మరుసటి రోజు అడిగితే "అణిగినట్టు అనిపించింది" అన్నాడు. అయినా మొత్తం విప్పి, రేకులు కొత్తవి వేసి, తీగలు కొత్తవి లాగాడు. సుగుణక్క మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ అదే జరిగింది.

నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండింది. నేను ఎముకలతో, మాంసంతో, చేతిలో బడి సంచీతో వచ్చి నిలబడితే "ఎవురది?" ఆమె ఇంకా శిరివెళ్ళ దాటకముందే "దా అమ్మా, దా". పైగా ఆ ఉత్త గంట మోగగానే నేను లేచి ఇంకో గిద్దెడు బియ్యం ఎక్కువ కడగాలి. ఎందుకంటే మనిషి రావడం ఖాయం.

ఒకరోజు ఉక్రోషం పట్టలేక ఒక పని చేశాను. సుగుణక్క ఎడమకాలు కొంచెం ఈడ్చి వేస్తుంది. బడి నుంచి వచ్చి, చెప్పులు విడిచి, అచ్చం అట్లాగే ఎడమకాలు ఈడుస్తూ గడప దాటాను. గంట మోగింది. మా అత్త తల పక్కకు వంచి కాసేపు వింది.

"ఎవురది, సుగుణ మాదిరి నడుస్తాండేది?" అంది.

మా ఆయన బల్ల కింద తల దూర్చి నవ్వాడు. ఆ రాత్రి ఆయనకు చారు మాత్రమే పోశాను.

సుగుణక్కకే చెప్పాను చివరికి. ఆమె నవ్వింది, తర్వాత నవ్వు ఆపింది. "బస్సెక్కినప్పట్నుంచి అత్త పిలుపే నా చెవుల్లో ఉంటాది నిర్మలా. అదేమో" అంది. అంటే ప్రేమగా తలచుకునేవాళ్ళు ముందు వస్తారని. అంటే నేను తలచుకోవడం లేదని. ఆమె ఆ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. అయినా ఆ మాట ముల్లులాగా దిగబడింది.

ఇట్లా ఎనభైలలో పడ్డాక మా అమ్మ నంద్యాలలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నేను సెలవు పెట్టి పోయి ఆసుపత్రిలో ఆమె దగ్గర ఉన్నాను. నెల పైనే ఉండాల్సి వచ్చింది. సుగుణక్క రోజు మార్చి రోజు రాగిజావ కాచి తెచ్చేది. "నీ తోడికోడలు బంగారం" అని మా అమ్మ కూడా మొదలుపెట్టింది. ఇంక నాకు మిగిలిన ఊరేది?

మా అమ్మ లేచి నడిచాక ఆళ్లగడ్డకు బయల్దేరాను. ఈ రోజు వస్తానని ఇంటికి కబురు పంపలేదు. అనుకోకుండా బయల్దేరాను. సుగుణక్కే బస్టాండుకు వచ్చి నన్ను ఎక్కించింది. బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడింది. కాబట్టి తర్వాత జరిగినదానికి ఆమె నడక కారణం కాదు.

బస్సులో నేను మా అత్తను ప్రేమగా తలచుకోలేదు. దాచుకోవాల్సిన పనేముంది. మళ్ళీ ఆ "ఎవురది?" వినాలి కదా అనుకుని, తల కిటికీకి ఆనించి నిద్రపోయాను. కండక్టరు ఆళ్లగడ్డ అని అరిస్తే లేచాను.

ఇంటి ముందుకు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మా ఆయన వాకిట్లో పటకారు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి పలకరించలేదు. కాళ్ళ వైపు చూశాడు, ముఖం వైపు చూశాడు.

"నువ్వేనా?" అన్నాడు.

"నేను కాక?" అన్నాను. నెల తర్వాత ఇంటికొచ్చిన పెళ్ళాన్ని అడిగే మాటేనా అది.

ఆయన నన్ను గడప ఇవతలే ఆపి చెప్పాడు. ఇందాక గంట మోగిందట. ఆయన తలెత్తేలోపే మా అత్త "నిర్మలా, వచ్చినావా? దా అమ్మా, దా" అందట. సుగుణ పేరు కాదు, నా పేరు. ముందుగదిలో ఎవరూ లేరు. మా అత్త మాత్రం "అలిసిపోయి వచ్చింది, టీ పెట్టియ్‌రా దానికి" అందట. ఆయన ఏమీ పాలుపోక, చెప్పినట్టే టీ పెట్టి గ్లాసులో పోశాడు. బల్ల మీద చూపించాడు. గ్లాసు మీద సాసరు మూత, టీ మీద మీగడ కట్టి ఉంది.

చేతిలో సంచీ వాకిట్లోనే పడేశాను. భయంతో కాదు. ఇన్నేళ్ళకు నన్ను పిలిచిందని. నేను గడప దాటాను. గంట మోగింది.

"ఎవురది?" అంది మా అత్త.

"నేను అత్తా."

"నేనంటే?"

"నిర్మలను."

ఆమె ముఖం చిట్లించింది. "నిర్మల ఇందాకే వచ్చింది గదా. వంటింట్లోకి పోయింది. నువ్వెవురు?"

మా ఆయన ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాను. పోయి సుగుణక్క కూర్చునే చోట, ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాను. ఆమె చెయ్యి చాచి నా చేతులు పట్టుకుని తడిమింది. వేళ్ళు, గాజులు, గరిటె కాలిన మచ్చ.

"నీ చేతులు మా నిర్మల చేతుల మాదిరే ఉండాయి" అంది.

మా నిర్మల. ఆ మాట ఆమె నోట నేను అంతకు ముందు వినలేదు. నాకు ఏడుపు వచ్చింది, ఆమెకు వినపడకుండా ఏడ్చాను. ఆమె నా తల నిమిరి, ఎవరో దూరపు చుట్టానికి చెప్పినట్టు చెప్పింది. "ఊరికే పోవాకు. లోపల మా నిర్మల ఉండాది. అన్నం పెడతాది, తినిపో."

వంటింట్లోకి పోయాను. ఎవరూ లేరు. మా ఆయన నెలరోజులుగా వండుకున్న మసి గిన్నెలు అట్లాగే ఉన్నాయి. వచ్చినదెవరో గానీ ఒక్క గిన్నె కూడా కడగలేదు. నేనే కడిగి, వండి, ఆమెకు కలిపి పెట్టాను. అప్పటికి ఆమె మామూలుగానే ఉంది. ఉప్పు తక్కువైందంది.

మరుసటి రోజు బడి నుంచి వస్తే మళ్ళీ "ఎవురది?" ఆ తర్వాత కొన్నేళ్ళు బతికింది. నా పేరు పెట్టి పిలవడం నేను ఒక్కసారి కూడా వినలేదు. పోయేముందు కూడా సుగుణక్కనే పిలిచింది. సుగుణక్క నా చెయ్యి పట్టుకుని ఆమె చేతిలో పెట్టింది గానీ, అప్పటికి ఆమెకు తెలివి లేదు.

ముసలితనం, మతిమరుపు అని మీరనొచ్చు. మా అత్త మటుకు ఆ మాట ఒప్పుకుంటాను. గంటకు ముసలితనం లేదు కదా. మా ఆయన బజారులో అంగడి పెట్టాక ఆ గంట విప్పేశాడు. విప్పిన రోజు కూడా రేకులు, తీగలు అన్నీ పరీక్షించి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. లూజ్ కాంటాక్ట్ అన్న మాట ఆ ఒక్క విషయంలో ఆయన మళ్ళీ అనలేదు. అయ్యగారిని అడిగితే ప్రార్థన చేశారు, జవాబు చెప్పలేదు. నాకూ తెలియదు.

ఒకటి మాత్రం తెలుసు. ఆ రోజు నుంచి సుగుణక్క మీద నా కుళ్ళు పోయింది. అది పోయి, నాకంటే ముందు మా ఇంటికి వచ్చిన ఆ మనిషి మీదికి మళ్ళింది. ఊడ్చింది నేను, నీళ్ళు పోసింది నేను, ముళ్ళు తీసింది నేను. "దా అమ్మా, దా" అనే పిలుపు అందుకుని పోయింది అది. నేనే అది అని సుగుణక్క అంటుంది. అయితే నాకెందుకు వినపడలేదు?

మా ఆయన ఒక్కడే ఆ పిలుపు విన్నాడు. ఎట్లా పిలిచింది, ఇంకొకసారి చెప్పండి అని అడిగి, ఆయన చేత ఇప్పటికీ అనిపించుకుంటూ ఉంటాను. విసుక్కోకుండా అంటాడు. "నిర్మలా, వచ్చినావా? దా అమ్మా, దా." ఆయన గొంతులో అది ఉత్త మాటలాగే ఉంటుంది.